వెబ్ టెలిస్కోప్ టైమ్ ఎలా వచ్చింది, వచ్చాక ఏం జరిగింది - నా అనుభవం

టెలిస్కోప్ టైమ్ (మనం అడిగింది చూడటానికి దాన్ని ఇన్ని గంటలు కేటాయించడం) వచ్చింది అనగానే అందరూ అడిగేది ఒకటే, అయితే నువ్వే తిప్పి చూస్తావా అని. అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌ని మనం ముట్టుకునేది ఏమీ ఉండదండీ. అది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్2 అనే చోట, భూమికి సూర్యుడు లేని వైపున ఉంది, నడిపేది బాల్టిమోర్‌లో ఉన్న స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. హబుల్‌కి ఫ్లైట్ కంట్రోల్ నాసా గొడార్డ్‌లో ఉంటుంది కానీ వెబ్‌కి కంట్రోల్ రూమ్ కూడా ఈ ఇన్‌స్టిట్యూట్‌లోనే. మన పనల్లా ఒక ఫైల్ నింపడం, ఆ ఫైలే ప్రాణం తోడేస్తుంది.

ఏపీటీ అని ప్రపోజల్ నింపే సాఫ్ట్‌వేర్ ఒకటి, ఆ ఫైల్ అందులోనే. హబుల్‌కైతే ముందు సైన్స్ ఎందుకు చేయాలో రాసి పంపి, టైమ్ వచ్చాక మిగతా వివరాలు నింపొచ్చు. వెబ్‌కి అలా కుదరదు, ఏ గ్రేటింగ్ (వెలుతురును రంగులుగా విడగొట్టేది), ఎన్ని గ్రూపులు (డిటెక్టర్‌ని ఎన్నిసార్లు చదవాలన్న లెక్క), ఏ డిథర్ (టెలిస్కోప్‌ని కొద్దికొద్దిగా జరిపి చూసే పద్ధతి), మొత్తం డెడ్‌లైన్ నాటికే ఇచ్చెయ్యాలి, వస్తుందో రాదో తెలీకుండానే. ప్రపోజల్స్ అడిగే ఒక్కో విడతని సైకిల్ అంటారు, నేను పంపింది సైకిల్ 3కి, 2023 అక్టోబర్‌లో. ఆ సారి 1,931 ప్రపోజల్స్, ఉన్న టైమ్‌కి దాదాపు 9 రెట్లు అడిగారు. తర్వాతి సైకిల్‌కి అది 2,377 అయింది, అంటే ఎంతమంది పని వృథా పోతోందో చూడండి.

మాది ఒక బ్రౌన్ డ్వార్ఫ్ (గ్రహం కంటే పెద్దది, నక్షత్రం కాలేకపోయినది) స్పెక్ట్రమ్, నిర్‌స్పెక్ అనే వెబ్ పరికరంతో. వెలుతురు సేకరించే టైమ్ కొంచెమే, కానీ టెలిస్కోప్ అక్కడికి తిరగడానికే ఒక్కో విజిట్‌కి (ఒకసారి ఒక టార్గెట్ వైపు తిరిగి చూడటం) 1800 సెకన్లు మన ఖాతాలో వేస్తారు, కట్ చేస్తే మాకు పని కంటే ఓవర్‌హెడ్డే ఎక్కువ. ఇంకో తలనొప్పి, రివ్యూ చేసేవాళ్లకి మనమెవరో తెలియకూడదు. "మేం ఇంతకుముందు చూపించినట్టు" అని రాయకూడదు, మన పేపర్‌నే పరాయివాళ్లది అన్నట్టు రాసుకోవాలి. చిరాకే గానీ నాలాంటి కొత్తవాళ్లకి ఇది మంచిదే అని నా అభిప్రాయం.

టైమ్ వచ్చాక ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒక ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, ఇంకో ఇన్‌స్ట్రుమెంట్ సైంటిస్ట్ మన ఫైల్ చూస్తారు, మెయిల్స్ నడుస్తాయి. ఎప్పుడు చూస్తారు అన్నది మన చేతుల్లో లేదు. టెలిస్కోప్ సూర్యుడి నుంచి 85 నుంచి 135 డిగ్రీల మధ్యే చూడగలదు, సన్‌షీల్డ్ నీడలో అద్దాలు చల్లగా ఉండాలి కదా. మా టార్గెట్ క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడు నడిచే దారి) పక్కనే ఉంది కాబట్టి ఏడాదికి రెండే విండోలు, ఒక్కోటి సుమారు 50 రోజులు.

నాకు బాగా నచ్చింది దీని తర్వాతది. వారానికి సరిపడా ప్లాన్ తయారుచేసి డీప్ స్పేస్ నెట్‌వర్క్ అనే నాసా యాంటెన్నాలతో పైకి పంపేస్తారు, ఆ తర్వాత టెలిస్కోప్ దాన్ని సొంతంగా ఒక్కో విజిట్ చొప్పున చేసుకుంటూ పోతుంది, పైన నడిచే స్క్రిప్టులు జావాస్క్రిప్ట్‌లో ఉంటాయంటే మొదట నేను నమ్మలేదు. గురి కదలకుండా పట్టుకోవడానికి వాడే గైడ్ స్టార్ దొరక్కపోతే ఇంకోటి ప్రయత్నిస్తుంది, అదీ కుదరకపోతే ఖాళీగా కూర్చోదు, ఆ విజిట్ వదిలేసి తర్వాతదానికి వెళ్లిపోతుంది. అందుకే మనకి ఫలానా నిమిషానికి అని చెప్పరు. మాది అయిపోయిందని నాకు తెలిసేసరికే డేటా మాస్ట్ ఆర్కైవ్‌లో (ఇన్‌స్టిట్యూట్ డేటా దాచే చోటు) ఉంది.

పైప్‌లైన్ (రా డేటాని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన ఫైల్ తెరిస్తే ఇమేజ్ నిండా సన్నటి నిలువు చారలు. భయపడక్కర్లేదు, అది డిటెక్టర్ రీడౌట్ నాయిస్, పైప్‌లైన్‌లో ఈ నాయిస్ తీసే ఎన్ఎస్‌క్లీన్ స్టెప్ ఆన్ చేసి రా ఫైల్స్ నుంచి మళ్లీ రన్ చేస్తే చాలావరకు పోతుంది, నేనదే చేశాను.

మామూలుగా డేటా 12 నెలలు మనకి మాత్రమే, తర్వాత ఎవరైనా దించుకోవచ్చు. టైమ్ వచ్చిన ప్రోగ్రాముల ఏపీటీ ఫైల్స్ అయితే అన్నాళ్లు కూడా ఆగక్కర్లేదు, ప్రోగ్రామ్ నంబర్ కొడితే తెరుచుకుంటాయి. కొత్తగా రాసేవాళ్లు మీ సైన్స్‌కి దగ్గరగా ఉన్న ఫైల్ ఒకటి తెరిచి వాళ్లు డిథర్, గ్రూపులు ఎలా పెట్టారో చూసి మొదలుపెట్టండి.