నానమ్మ కాల్, పాత డెస్క్‌టాప్, ఇంట్లో అందని వైఫై

"ఆ కంప్యూటర్‌లో అయితే నేను నానమ్మతో మాట్లాడను" అని మా పెద్దమ్మాయి తేల్చి చెప్పేసింది. తొమ్మిదేళ్ల పిల్ల. తన గదిలో ట్యాబ్‌లో మాట్లాడుకుంటుందట. నాకేమో బేస్‌మెంట్‌లో ఉన్న పాత డెస్క్‌టాప్ ముందు నలుగురం కూర్చుని, పెద్ద స్క్రీన్ మీద అమ్మని చూస్తూ మాట్లాడాలని పట్టుదల. మాకు ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరంటే తెనాలిలో సాయంత్రం ఏడు. అమ్మ ఆ వేళకి దీపం పెట్టేసి ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది.

తెలుగంటే ఇష్టం లేకేమోనని మనసు చివుక్కుమంది. పక్కన కూర్చుని గమనిస్తే సంగతి వేరు. దానికి ఒక తెలుగు వాక్యం కూర్చుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది. "నేను నిన్న..." అని మాట వెతుక్కుంటుంటే, లైన్ ఆలస్యం కూడా కలిసి అమ్మకి ఏమీ వినపడక "ఏమ్మా, ఉన్నావా?" అంటుంది. ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి, పిల్ల మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి, చివరికి "బాగున్నాను" అని లేచిపోతుంది. ధారాళంగా మాట్లాడేవాళ్లకి ఆ గ్యాప్ వట్టి చికాకు. తడుముకుంటూ మాట్లాడే పిల్లల నోరు అది మూయించేస్తుంది. అందుకే దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దంటున్నాను.

మా డెస్క్‌టాప్‌లో వైఫై కార్డు పాతది, వైఫై సిగ్నల్ నడిచే బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటుంది. అది గోడలు బాగానే దాటుతుంది కానీ పక్కిళ్ల రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ అక్కడే. మా ఇంట్లో ఆదివారం కాల్ టైమూ పాలు వేడిచేసే టైమూ ఒకటే. పైన మైక్రోవేవ్ తిరిగితే కింద అమ్మ ముఖం కదలకుండా ఆగిపోయేది.

ముందు ఖర్చు లేని పనులు చేశాను. సీపీయూ డబ్బా ఇనుము, యాంటెన్నాలు దాని వెనక, ఆ వెనక భాగం గోడకి ఆనుకుని ఉంది. బయటికి లాగి బల్ల మీద పెట్టాను. టీవీ వెనక ఉన్న రౌటర్‌ని ఎత్తులో షెల్ఫ్ మీదకి మార్చాను. 2.4లో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, రౌటర్ సెట్టింగుల్లో వాటిలో రద్దీ తక్కువున్నది ఎంచుకోవాలి. విండోస్ డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డుకి పవర్ సేవింగ్ టిక్కు తీసేయాలి. కొంత మెరుగైంది, పూర్తిగా కాదు. అప్పుడు రద్దీ తక్కువుండే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా పట్టే యూఎస్‌బీ అడాప్టర్ కొన్నాను. దాన్ని డబ్బా వెనక నేరుగా గుచ్చకండి. ఇనుము అడ్డు, పైగా యూఎస్‌బీ 3.0 పోర్టులే 2.4లో సిగ్నల్‌కి అడ్డుపడే రొద పుట్టిస్తాయి, ఇంటెల్ 2012లోనే దీనిమీద పేపర్ రాసింది. మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో పైకి తెచ్చి పెట్టండి. అన్నిటికన్నా మేలు రౌటర్ నుంచి నేరుగా లాగే ఈథర్‌నెట్ కేబులే, క్యాట్ 6 రకం అయితే 100 మీటర్ల దాకా ఢోకా లేదు. అద్దె ఇల్లయి గోడకి రంధ్రం పెట్టకూడదంటే, గదుల్లో టీవీ కేబుల్ పాయింట్లు ఉన్నచోట ఆ టీవీ కేబుల్ మీదే ఇంటర్నెట్ పంపే మోకా అడాప్టర్లు పనికొస్తాయి.

ఎంత చేసినా ఇండియా దూరం పోదు, డేటా వెళ్లిరావడానికే దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. అందుకే అమ్మకీ చెప్పాను, పిల్ల మధ్యలో ఆగినా నువ్వు కాస్త ఓపిక పట్టమ్మా, తొందరపెట్టకు అని.

ఇప్పుడు బొమ్మ ఆగడం లేదు. అయినా పిల్ల ప్రతి వాక్యానికీ ముందు నా వైపు చూస్తోంది. "నేను వెళ్లింది" అంటే "వెళ్లాను అనమ్మా" అని నేను అందిస్తూనే ఉన్నాను. మొన్న కాఫీకని పైకి వెళ్లి మెట్ల మీద నుంచి వింటే, సగం ఇంగ్లీషు కలిపి స్కూల్లో గొడవంతా చెప్పేస్తోంది, అమ్మ అడిగి అడిగి తెలుసుకుంటోంది. మరి అది వద్దన్నది ఆ కంప్యూటర్‌నా, పక్కన నన్నా?

ట్యాబ్ ఇచ్చేద్దాం అంటోంది మా ఆవిడ. తలుపేసుకుని మాట్లాడితే ఆ కాస్త తెలుగూ ఇంగ్లీషులోకి జారిపోతుందని నా భయం. పక్కన కూర్చుంటే అసలు మాటలే తగ్గుతాయని కూడా కనిపిస్తోంది. మీ ఇళ్లలో పిల్లలు మీరు పక్కన లేకుండా నానమ్మ, అమ్మమ్మలతో మాట్లాడతారా? అప్పుడు తెలుగు ఏ మాత్రం ఉంటుంది? ఎవరైనా చెప్పండి, వచ్చే ఆదివారంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.