మా సందులోంచి వెళ్లే కార్ల గురించి

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర కాస్త ట్రాఫిక్ ఆగితే చాలు, అలిపిరి వెళ్లే కార్లు మ్యాప్‌లో నీలం గీత చూసుకుని మా సందులోకి దూరిపోతాయి. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ తెరిచాక తగ్గుతుందనుకున్నాం, తగ్గలేదు. నిన్న పొద్దున అమ్మ వేసిన ముగ్గు మీద అప్పుడే టైరు అచ్చు, పక్కింటి పిల్లాడు బంతి కోసం వంగి ఉంటే బండి వాడికి అడుగు దూరంలో ఆగింది. వీధి అందరిదీ, రావద్దనే హక్కు నాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ వేగం రెండింతలైతే బ్రేక్ వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుందండీ, మీకు మిగిలేదేమో రెండు నిమిషాలు. దర్శనం క్యూలో గంటలు గంటలు ఓపిగ్గా నిలబడతారే, మా గుమ్మాల ముందు ఆ ఓపిక ఏమైపోతుంది? వస్తే 20 స్పీడులో రండి, మలుపులో వేపచెట్టు కింద ముసలివాళ్లు కూర్చుని ఉంటారు.