లాగడం వేరు, మోయడం వేరు: డాలస్ నుంచి కొలరాడోకి ఫిఫ్త్ వీల్‌తో

విజయవాడ నుంచి అమ్మానాన్నలు వచ్చే వేసవిలో కొలరాడో చూపించాలని ముందే అనుకున్నాం. అమ్మకు బయటి తిండి పడదు, నాన్నగారికి దారిలో బాత్రూమ్ గురించే టెన్షన్. వంటిల్లు, బాత్రూమ్ వెంటే వచ్చే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొందామని మా ఆవిడే అంది.

వీటిలో చాలావాటికి పడకగది ముందువైపు, ట్రక్కు మీదకి వచ్చే ఎత్తయిన భాగంలో ఉంటుంది. మెట్లెక్కాలి. అమ్మ మోకాళ్లకు అది కుదరదు. అందుకే వెనక హాల్లో సోఫా మంచమయ్యే 33 అడుగుల ట్రైలర్ మీద మనసు పడింది.

"మీ పికప్ ట్రక్కు 15,000 పౌండ్లు లాగుతుంది, ఇది 9,500 పౌండ్లే" అన్నాడు సేల్స్‌మన్. రెండూ నిజాలే. కానీ నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషి. ఫోన్లో చెబితే ఒకటే అడిగారు: "లాగడం సరే, వెనక యాక్సిల్ మీద ఎంత పడుతుందిరా?"

అసలు లెక్కంతా అక్కడే ఉంది. మామూలు ట్రైలర్‌ని బంపర్ దగ్గర బాల్‌కి తగిలిస్తారు. దాని బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు మీద పడుతుంది. ఫిఫ్త్ వీల్‌కైతే హిచ్‌ని, అంటే ట్రైలర్‌ని పట్టుకునే కొక్కేన్ని, ట్రక్కు తొట్టిలోనే, వెనక యాక్సిల్ మీదుగా బిగిస్తారు. మన హైవేల మీద తిరిగే ట్రైలర్ లారీల పద్ధతే ఇది. పట్టు గట్టిగా ఉంటుంది, కానీ బరువులో 20 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా ట్రక్కే మోయాలి.

పైగా ఆ 9,500 ఖాళీ బండి బరువు. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు. గ్యాస్ సిలిండర్లు, గిన్నెలు, బియ్యం, బట్టలు ఎక్కాక బరువెక్కడికో పోతుంది. అందుకని ట్రైలర్ గరిష్ఠ బరువు 12,000తోనే లెక్కేశాను. అందులో 20 శాతం 2,400. హిచ్ 150, నలుగురం మనుషులం, సామాను కలిపి 700. మొత్తం 3,250. మా త్రీ క్వార్టర్ టన్ డీజిల్ ట్రక్కు డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన స్టిక్కర్ మీద మోయగల బరువు అని ఉన్నది 2,150. లాగే బలం దండిగా ఉంది, మోసే బలమే చాలదు. వెనక స్ప్రింగులకు సాయంగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయించుకోమన్నవాళ్లూ ఉన్నారు. అవి వెనక భాగాన్ని పైకి లేపుతాయే తప్ప, కంపెనీ ఇచ్చిన పరిమితిని పెంచవు. ఆ ట్రక్కు మార్చి, 3,900 పౌండ్లు మోసే, వన్ టన్ అని పిలిచే పై తరగతి ట్రక్కు తీసుకున్నాం. తొట్టి పొట్టిది కాబట్టి, ఇరుకు మలుపుల్లో ట్రైలర్ మూల క్యాబిన్ అద్దానికి తగలకుండా వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ వేయించాం.

జూన్ మొదట్లో బయలుదేరాం. తగిలించే పని నాన్నగారు దగ్గరుండి చూశారు. వెనక డోర్ దించి, ట్రక్కుని అంగుళం అంగుళం వెనక్కి నడిపితే ట్రైలర్ పిన్ హిచ్‌లోకి జారి 'ఠక్'మంది. ఆ చప్పుడుని నమ్మకూడదు. టార్చ్ వేసి హిచ్ దవడలు పూర్తిగా మూసుకున్నాయో లేదో చూశాం. కరెంటు వైరు, ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పట్టించే కేబుల్ తగిలించాం. తర్వాత ట్రైలర్ బ్రేకులు మాత్రమే నొక్కిపట్టి ట్రక్కుని కొంచెం ముందుకు లాగాను. కదల్లేదు. అప్పుడే ట్రైలర్‌ని నిలబెట్టే ముందు కాళ్లు పైకెత్తాం.

అమరిల్లోలో ఒక ట్రక్ స్టాప్ కాటా మీదకి ఎక్కించాం. ట్రక్కు ముందు యాక్సిల్ 4,720, వెనకది 5,870, ట్రైలర్ చక్రాలు 8,610. మొత్తం 19,200, అన్నీ హద్దులోనే. నాన్నగారు ఆ చీటీని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు.

డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా వెళ్లే 87వ నంబరు రోడ్డు మీద అడ్డగాలి ఈడ్చి కొడుతుంది. గంటకి 60 మైళ్లు దాటలేదు. ట్రైలర్ ఊగలేదు, అమ్మ వెనక సీట్లో నిద్రపోయింది. రాటన్ పాస్ అనే కనుమ 7,834 అడుగుల ఎత్తు. ఎక్కేటప్పుడు టర్బో డీజిల్ ఆయాసపడలేదు. నేను భయపడింది దిగడానికి. బరువు లాగేటప్పుడు గేర్లను సర్దే టో-హాల్ మోడ్, ఇంజన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ వేసి ఉంచితే వేగం దానంతటదే అదుపులో ఉంది, కాలి బ్రేకు అవసరం బాగా తగ్గింది. పక్కన నాన్నగారు మాత్రం కుడికాలు నేలకి అదిమిపట్టే కూర్చున్నారు, పాత అలవాటు.

ట్రినిడాడ్ లేక్ స్టేట్ పార్కులో ట్రైలర్ దించి, ట్రక్కు విడదీశాం. ఫిఫ్త్ వీల్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. ఇల్లు అక్కడే ఉంటుంది, బండి మన చేతిలో ఉంటుంది. మర్నాడు అమ్మ పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. 9,413 అడుగుల లా వీటా పాస్ మీదుగా ఒట్టి ట్రక్కులో గ్రేట్ శాండ్ డ్యూన్స్ అనే ఇసుక దిబ్బల నేషనల్ పార్కుకి వెళ్లాం. అక్కడి పార్కు క్యాంప్‌గ్రౌండ్‌లో పెద్ద బండ్లకు పొడవు పరిమితి ఉంది, మలుపులూ ఇరుకే. ట్రైలర్ వెంట లేకపోవడంతో ఆ గొడవే రాలేదు. మెడానో వాగులో మోకాలి కింద దాకా నీళ్లు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అవతలి ఒడ్డు దాకా నడిచింది.