హెలిగన్ గోడ మీది పేర్లు

మొన్న శనివారం ఇంగ్లండ్‌లో, కార్న్‌వాల్‌లోని హెలిగన్ ఎస్టేట్‌కి వెళ్లాం. ట్రెమేన్ కుటుంబం వాళ్ల తోటలివి. ఇటుక గోడ పగలంతా ఎండను పీల్చుకుని రాత్రికి ఆ వేడిని వదులుతుంది, అందుకే పళ్ల చెట్లను గోడకు ఆనించి పెంచేవారు.

నన్ను కదలనివ్వనిది మాత్రం అనాసల గుంట. పైన అద్దాల కప్పు, కింద మొక్కలు, పక్క కందకాల్లో పచ్చి గుర్రపు లద్దె. అది కుళ్లేటప్పుడు పుట్టే వేడితోనే ఆ చలిదేశంలో అనాసలు పండించారు! చలికాలం పొద్దున్నే మా పెంటకుప్ప మీద లేచే ఆవిరి గుర్తొచ్చింది.

తర్వాత తోటమాలుల మరుగుదొడ్డి చూశాం. సున్నపు గోడ మీద పెన్సిల్‌తో వాళ్ల పేర్లు, 1914 ఆగస్టు అని తేదీ. వాళ్లలో చాలామంది మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి రాలేదు. తోట ముళ్లకంపల్లో మునిగిపోయింది. 1990లో మళ్లీ బయటపడింది. ఆ అక్షరాలు బాగా వెలిసిపోయాయి. ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను.