ఎవరు చెప్తే తిప్పావు?

డబ్లిన్‌లో నాది డేటాబేస్‌ల పని. ఈ ఫిబ్రవరిలో ఓ నెల ఇంటి నుంచే చేస్తానని మేనేజరును ఒప్పించి అమలాపురం దగ్గర మా ఊరొచ్చాను. అక్కడ ఉదయం తొమ్మిదంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. పొద్దున పూట పనసపొట్టు తరగడానికి అమ్మకు మనిషి దొరికింది.

మూడో రోజే ఫోను. మా కంపెనీలో ఈమధ్య ఒక ఏఐ ఏజెంటును పెట్టారు. ఉద్యోగులు మామూలు మాటల్లో అడిగితే అదే డేటాబేస్‌కు అర్థమయ్యే ఎస్‌క్యూఎల్ భాషలో ప్రశ్న, అంటే క్వెరీ, రాసుకుని జవాబు తెస్తుంది. ముందురోజు అది కస్టమర్ల టేబుల్ మొత్తం చదివేసింది, ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలతో సహా. ఎవరడిగితే? డేటాబేస్‌లో జరిగిందల్లా నమోదయ్యే లాగ్ తీశాను. క్వెరీ ఉంది, టైము ఉంది. పేరు దగ్గర సర్వీస్ అకౌంట్ అని ఉంది, అంటే ఏజెంటుకిచ్చిన లాగిన్. ఎంతమంది అడిగినా అదే పేరు. యూరప్‌లో 2018 నుంచి జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం అమల్లో ఉంది. వ్యక్తిగత సమాచారం బయటికి పొక్కి జనానికి ముప్పుంటే, మనకు తెలిసిన 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు చెప్పాలి. టెన్షన్ మొదలైంది.

అరుగు మీద పెదనాన్న వింటున్నాడు. కాలువ లాకుల దగ్గర షట్టర్లు ఎత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన మనిషి.

"ఏమ్మాయ్, షట్టరు ఎవరెత్తారో తెలీదంటావేంటి?"

"తాళం ఒకటే పెదనాన్నా. అందరూ దాంతోనే తీస్తారు."

"అయితే అది తాళమేంటి!"

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. నీళ్లతోపాటు తగువులూ వచ్చాయి. రెండో పంట దాళ్వాలో నీళ్లు తగ్గితే వంతులు పెడతారు, అప్పుడు తూము దగ్గర లస్కరు మాటే చట్టం. పెదనాన్న తన కోసం ఓ నోటుబుక్కు పెట్టుకునేవాడట: ఏ తూము, ఎన్ని చుట్లు తిప్పాడు, ఎవరు చెప్తే తిప్పాడు. మా లాగ్‌లో ఆ మూడోదే లేదు.

రెండు రాత్రులు చాట్ రికార్డులూ లాగ్ టైములూ పక్కపక్కన పెట్టి వెతికితే తేలింది. ఎవరో కంప్లైంట్లు ఎన్నొచ్చాయని అడిగారు. ఏజెంటు టేబులంతా తెచ్చుకుని లెక్కపెట్టుకుంది. పాపం, దానికి దురుద్దేశమేం లేదు. సమాచారం బయటికీ పోలేదు. తప్పంతా మాదే. పిల్లకాలువ తూము తాళం చాలేదానికి బ్యారేజీ తాళాలిచ్చాం.

ఇప్పుడు దానికి చదివే హక్కు మాత్రమే, అదీ ఫోన్ నంబర్లు తీసేసిన వ్యూల మీదే, అంటే టేబుల్‌లో కొంత భాగమే చూపించే కిటికీల మీదే. మేం వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు పీజీఆడిట్ అని ఒకటుంది, ఏ టేబుల్ ఎవరు చదివారో రాసిపెడుతుంది. కానీ దానికీ లాగినైన పేరే తెలుస్తుంది. అందుకని అడిగిన మనిషి ఐడీని ప్రతి క్వెరీకీ తగిలిస్తున్నాం. తగిలించేది ఏజెంటు కాదు, మధ్యలో ఉన్న మా ప్రోగ్రాం. ఏజెంటుకే వదిలేస్తే ఏదో ఒక పేరు రాసి ఊరుకోగలదు. లాగ్ కూడా దాని చెయ్యి అందని సర్వర్‌కు పోతోంది. ఇంత చాదస్తం ఎందుకని ఆఫీసులో గొణిగినవాళ్లున్నారు. గొణగనీ.

వచ్చేముందు పెదనాన్న అటక మీంచి ఆ నోటుబుక్కు దింపాడు. ఒక పేజీలో ఇలా ఉంది: రాత్రి రెండింటికి ఎవరో ఎత్తారు, దింపాను. "ఎవరో" కొట్టేసి, వేరే సిరాతో పైన ఒక పేరు. మా నాన్నది.

నాన్న పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు.