పడనులే పెద్దమ్మా

పదకొండు దాటింది. ఈయన అప్పుడే నిద్రపోయారు. నాకు గర్భం నిలవడానికని ఇచ్చే ప్రొజెస్టరాన్ ఇంజెక్షన్ వేసిన చోట తుంటి గడ్డకట్టి నొప్పెడుతోంది. అటు ఒత్తిగిలితే నొప్పి, ఇటు ఒత్తిగిలితే పెద్దమ్మ మాట. లేచి కూర్చున్నాను.

సాయంత్రం ఫోన్ చేసి పెద్దమ్మ అన్నది ఒక్క ముక్కే. "టెన్షన్ పడకమ్మా. టెన్షన్ పడితే అతుక్కోదట."

ప్రేమగానే అంది, కాదనను. కానీ ఐవీఎఫ్‌లో ట్రాన్స్‌ఫర్, అంటే ల్యాబులో తయారైన ఎంబ్రియోని (పిండాన్ని) గర్భసంచిలో పెట్టడం, అయినప్పటి నుంచీ అందరూ చెప్పే వాటిలో నాకు ఒళ్లు మండేది ఈ ఒక్క మాటకే. కిందింటి ఆంటీ మెట్లెక్కొద్దంది. సరే, లిఫ్ట్ బాగయ్యేదాకా కిందకి దిగడం మానేశాను. అత్తయ్య బొప్పాయి, నువ్వులు ఇంట్లోకే రానివ్వడం లేదు. సరే, తినను. తుమ్మొచ్చినా గట్టిగా తుమ్మకూడదని ఇంకొకావిడ. ఇవన్నీ కనీసం చెయ్యగలిగిన పనులు. టెన్షన్ పడకుండా ఉండటం ఎలా చెయ్యాలి? పడకు అన్న మరుక్షణం నుంచీ పడుతున్నానా లేదా అని చూసుకోవడంతోనే సరిపోతోంది. పైగా రేపు గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రక్తపరీక్ష రిపోర్టులో ఏమీ లేకపోతే, ఇదిగో, టెన్షన్ పడింది కాబట్టే నిలవలేదు అనడానికి అందరికీ ఓ కారణం సిద్ధంగా ఉంది. గర్భసంచి నాది, మందులు నావి, సూదులు నావి, తప్పూ నాదే.

దీని మీద పరిశోధన లేకపోలేదు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 అధ్యయనాలను కలిపి చూసిన వ్యాసం వచ్చింది, మూడున్నర వేల మందికి పైగా ఆడవాళ్ల మీద. ట్రీట్‌మెంట్‌కి ముందు ఆందోళన ఎక్కువున్న వాళ్లకీ తక్కువున్న వాళ్లకీ ఫలితంలో తేడా కనపడలేదు. ఇది పెద్దమ్మకి ఫోన్‌లో చెప్పబోయాను. "ఏమోనమ్మా, ఆ ఇంగ్లీషువాళ్లకి ఏం తెలుసు" అంది.

పెద్దమ్మ అసలు నమ్మేది టీవీని. 2019 వినాయక నవరాత్రులు గుర్తున్నాయి. అమ్మమ్మ వాళ్లింట్లో అందరం ఉన్నాం, ఉండ్రాళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి, హాల్లో టీవీ. గుంటూరులో డెబ్బై దాటిన ఆవిడకి కవల ఆడపిల్లలు పుట్టారని స్క్రోలింగు. ఆవిడది మన తూర్పుగోదావరే అనేసరికి వంటింట్లో వాళ్లు కూడా గరిటెలతో బయటికొచ్చారు. మామయ్య సౌండ్ పెంచాడు. అమ్మమ్మ మాత్రం "ఆ వయసులో రాత్రిళ్లు ఎవరు లేస్తారే" అని ఊరుకుంది. పెద్దమ్మ నా వైపు తిరిగి, పెళ్లై ఏడాది కూడా కాని నాతో, "చూశావా, డెబ్బయ్యేళ్లకే పుట్టారు. నీకింకా బోలెడంత టైముంది" అంది. గదిలో పది మంది తలలూపారు. ఆ మాట తర్వాత చాన్నాళ్లు మా చుట్టాలందరికీ నోటికొచ్చేసింది. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏమన్నా విశేషమా" అని అడిగితే, నేను నోరు తెరిచే లోపే పక్కవాళ్లు గుంటూరు ఆవిణ్ణి సాక్ష్యానికి తెచ్చేవారు.

ఆ అండాలు ఆవిడవి కావని, వయసులో ఉన్న దాతవని వార్తలోనే ఉంది. అది ఎవరి చెవికీ ఎక్కలేదు. అసలు సంగతంతా అదే కదా. గర్భసంచి మందులిస్తే ఎంత వయసులోనైనా చాలావరకు మాట వింటుంది, వినిపించుకోనిది అండం. ముప్ఫై ఐదు దాటాక క్రోమోజోముల లెక్క తప్పినవి పెరుగుతూ పోతాయి, నలభై దాటేసరికి సగానికి మించిపోతాయి. ఆవిడ కేసు మీద అప్పట్లో డాక్టర్లే మండిపడ్డారు. 2021 చట్టం వచ్చాక ఈ ట్రీట్‌మెంట్‌కి ఆడవాళ్లకి యాభై, మగవాళ్లకి యాభై ఐదు గీత గీశారు.

ఫలితం నా తీరు మీద లేదనే మా డాక్టరమ్మ కూడా ట్రాన్స్‌ఫర్ రోజున చెప్పింది. పడక మీద నుంచి లేస్తే ఎంబ్రియో పడిపోతుందేమోనని నేను కదలకుండా బిగుసుకుపోయి ఉంటే, "రెండు అరచేతుల మధ్య నొక్కిపెట్టిన నువ్వుగింజ అమ్మా అది, లేచి బాత్రూమ్‌కి వెళ్లు" అంది. అప్పటికి బ్లాడర్ పగిలిపోయేలా ఉంది, స్కాన్‌లో సరిగ్గా కనపడాలని లీటరు నీళ్లు తాగించారు కదా. ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం పట్టడం వల్ల ఉపయోగం లేదని ఇప్పుడు గైడ్‌లైన్లలోనే ఉంది. "లైనింగ్ బాగుంది, ఐదో రోజు ఎంబ్రియో, గ్రేడ్ మంచిది. ఇక నీ చేతిలో ఏమీ లేదు, హాయిగా ఉండు" అంది. లైనింగ్ అంటే గర్భసంచి లోపలి పొర. గ్రేడ్ అంటే మైక్రోస్కోపులో కనపడే రూపం మాత్రమే, లోపలి క్రోమోజోములు అందులో కనపడవని నాకు తెలుసు, అయినా పదో తరగతి మార్కుల్లా అందరికీ చెప్పుకున్నాను. స్క్రీన్ మీద తెల్లచుక్క మెరిసింది. ఈయన నా బొటనవేలు పట్టుకున్నారు. బాగుంది ఆ నిమిషం.

ఇంతవరకు రాసి మంచినీళ్లు తాగొచ్చాను. తాగుతుంటే తట్టింది. "నీ చేతిలో ఏమీ లేదు" అన్న మాట ఆ రోజు ఎంత హాయిగా వినపడిందో, ఇప్పుడు అంత దిగులుగా ఉంది. రొమ్ములు బరువెక్కాయి, మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తోంది. గూగుల్ చేస్తే ఇవి లక్షణాలట. అదే గూగుల్‌లో రెండు లైన్ల కింద, ప్రొజెస్టరాన్ వేసుకుంటే అందరికీ ఇంతేనట. చెయ్యడానికి ఏమీ లేని ఇన్ని రోజులు గడపడం కంటే, బొప్పాయి మానెయ్యడం, మెట్లు లెక్కపెట్టుకోవడం నయమేమో. అత్తయ్య పెట్టే ఆంక్షల మీద పొద్దున ఉన్నంత కోపం ఇప్పుడు లేదు.

పెద్దమ్మకి అక్క పుట్టింది పెళ్లైన చాన్నాళ్లకి. అన్నాళ్లూ ఆవిణ్ణి చెట్ల చుట్టూ తిప్పారు, పెదనాన్నకి ఒక్క పరీక్షా చేయించలేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపూ ఏదో ఒక కారణం ఉంటుందని ఆ రోజుల్లో ఆ ఇంట్లో అని చూడాల్సింది! ఆవిడకి కూడా ఎవరో ఒకరు దిగులు పడితే కడుపు నిలవదని చెప్పే ఉంటారు. ఫోన్ పెట్టేసే ముందు "ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు అన్నావు కదా లైనింగ్, ఏడు దాటితే మంచిదేనట" అంది. పాల లెక్క రాసే క్యాలెండర్ మీద రాసి పెట్టుకుందట. అది కూడా టీవీలోనే విని ఉంటుంది, కానీ ఇది మాత్రం కరెక్టే.

అయినా టెన్షన్ మాట మాత్రం ఒప్పుకోను.

ఇంకో గొడవ ఉంది. మిగిలిన ఎంబ్రియోలు ఫ్రీజ్ చేసి దాచినందుకు ఏడాదికోసారి కట్టే డబ్బు గడువు దగ్గరికొచ్చింది. చట్టం ప్రకారం పదేళ్ల దాకా దాచుకోవచ్చు. దిష్టి, శకునం అంటే నవ్వే మనిషి ఈయన, నిన్న మెల్లగా "రిజల్ట్ వచ్చాక కడదామా, ఇప్పుడే కడితే ఇది రాదని మనమే అనుకున్నట్టుంటుంది" అన్నారు. నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో వాటి వయసు ఎక్కడిదక్కడ ఆగిపోయింది, నాది ఆగడం లేదు. ఇది వచ్చినా రాకపోయినా అవి కావాలి. కట్టెయ్యమన్నాను. పొద్దున్నే గుర్తుచెయ్యాలి, ఈయన కరెంటు బిల్లు కట్టే తీరు మీకు తెలిసిందేగా.