వరద ఇంట్లో ‘నేను’ అడ్డొచ్చే చోట్లు

వరద తగ్గిన ఇంటిని శుభ్రం చేయడానికి సాయంగా వెళ్లి, గుమ్మంలో పార పట్టుకుని నిలబడగానే చేతులు ఊరుకోవు. మనలోని ‘నేను’కు మొదటి పరీక్ష అక్కడే. మెయిన్ స్విచ్ ఆపారో లేదో ముందు అడగాలి. దాని దగ్గరికి నీళ్లలో నడిచి వెళ్లాల్సి వస్తే ముట్టుకోకుండా కరెంటు పని తెలిసినవాళ్లను పిలిపించాలి. సామాను కదిలించక ముందే గదిగదికీ ఫొటోలు తీయాలి, గోడ మీద నీళ్లు వదిలిన గీత కూడా పడేలా. పరిహారం అడగడానికి అవి పనికొస్తాయి కాబట్టి ఇంటివాళ్ల ఫోన్‌లోనే తీయండి. మన ఫోన్ జేబులో ఉంటే చాలు.

నేలమాళిగలో నీళ్లుంటే తొందర మరీ ప్రమాదం. నానిన నేల బయటి నుంచి గోడను లోపలికి నెడుతుంటుంది, లోపలి నీళ్లు దాన్ని బయటికి నెడుతూ ఆపుతుంటాయి. ఒక్కరోజులో తోడేస్తే గోడ కూలొచ్చు. అందుకే రోజుకు మూడో వంతు చొప్పున తోడతారు. జనరేటర్ ఇంటి బయటే, కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి. దాని పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. సాయంత్రానికల్లా పని పూర్తిచేసి చూపించాలన్న ఆరాటం ఎవరి కోసమో ఇలాంటి చోట మనకే తెలిసిపోతుంది.

బురద తడిగా ఉండగానే ఎత్తాలి. ఎండితే గట్టిపడుతుంది, కదిపితే దుమ్ము లేస్తుంది. బూజు 24 నుంచి 48 గంటల్లోనే మొదలవుతుంది కాబట్టి నానిన పరుపులు ముందు బయటికి రావాలి. తర్వాత నేలా గోడలూ సబ్బునీళ్లతో కడిగి, చివర్లో బ్లీచ్. చాలామంది బురద మీదే బ్లీచ్ పోస్తారు. ఆ మురికితోనే దాని శక్తి అయిపోయి క్రిములు మిగిలిపోతాయి. 20 లీటర్ల నీళ్లకు ఇంట్లో వాడే లిక్విడ్ బ్లీచ్ పావు లీటరు సరిపోతుంది. యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలిపితే విషవాయువు వస్తుంది. గమ్ బూట్లు, మందపాటి గ్లౌజులు, ఎన్95 మాస్క్ తప్పనిసరి. ధనుర్వాతం టీకా బయల్దేరక ముందే చూసుకోవాలి. ఎండలో పనిచేస్తుంటే 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు. ఆకలీ దాహమూ లేనట్టు పనిచేసి పడిపోయేవాళ్లు ఇంకో ఇద్దరి పని చెడగొడతారు. అది త్యాగమనుకోవడం మన ముచ్చటే.

అసలు కష్టం సామాను దగ్గర వస్తుంది. మన కంటికి చెత్తగా కనిపించే చెక్కపెట్టె ఆ ఇంటి పెద్దావిడకు ఏమిటో మనకు తెలియదు. ఉంచేవి, పారేసేవి, తర్వాత తేల్చేవి అని మూడు కుప్పలు పెట్టండి. మూడోది పెద్దదైనా విసుక్కోవద్దు. అంటుకుపోయిన ఫొటోలను లాగితే బొమ్మ ఊడొస్తుంది. శుభ్రమైన చల్లటి నీళ్లలో నానబెట్టి, మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టాలి. అంత తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. పది ఫొటోలకు గంట పడుతుంది. ఆ గంటను వృథా అనుకోకుండా కూర్చోగలగడం నా లెక్కలో ధ్యానమే.

పక్కన కూర్చున్న ఆ ఇంటి మనిషి మాట్లాడితే వినాలి, మాట్లాడకపోతే ఊరుకోవాలి. మానసిక ప్రథమ చికిత్సపై, అంటే ఆపదలో ఉన్న మనిషికి వెంటనే ఇచ్చే ఆసరాపై, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మార్గదర్శిని చెప్పేది మూడు పనులు: చూడటం, వినడం, కావలసిన సాయంతో కలపడం. ‘ఏం జరిగిందో చెప్పండి’ అని తవ్వకూడదు. ‘అంతా మంచికే’ అన్న వేదాంతం అసలే వద్దు. మన చేతిలో లేనిదానికి మాట ఇవ్వకూడదు.

తిరిగొచ్చాక కొన్నాళ్లు నిద్ర సరిగా పట్టకపోవచ్చు, ఇంట్లోవాళ్ల మాటలు చిల్లరగా తోచవచ్చు. ‘నేను చూసింది వీళ్లు చూడలేదు’ అన్న గర్వం ఆ చిరాకు వెనకే వస్తుంది. వారాలు గడిచినా తగ్గకపోతే వైద్యుణ్ణి కలవాలి.

వచ్చేసే ముందు ఒక కాగితం మీద ఏ గోడ ఇంకా తడిగా ఉందో, ఏ గదిలో బ్లీచ్ పట్టించలేదో, మూడో కుప్ప ఎక్కడ ఉందో రాసి రేపు వచ్చేవాళ్లకు ఇవ్వండి. మీ పేరు రాయకపోయినా వాళ్లకు పని ఆగదు.